మన ఆటకు మన సర్వర్



వార్షికోత్సవ సంచికలో ఆటల పేజీ అంటే కబడ్డీ, వాలీబాల్, క్యారమ్స్ పోటీల ఫలితాలు రాయడం మన ఆనవాయితీ. ఈసారి కంప్యూటర్ గది బ్యాచ్ అని మీరంతా పిలిచే మేము ఐదుగురం ఇంకో ఆట గురించి రాస్తున్నాం. దాని పేరు లువాంటి. శనివారం సాయంత్రం ఫోన్లు పట్టుకుని వరండాలో వరుసగా కూర్చునే తమ్ముళ్లకు అదేమిటో చెప్పనక్కరలేదు. అయితే ఆ ఆట ఎక్కడ నడుస్తోంది, దానికి డబ్బు ఎక్కడిది, రేపు మేము చదువు ముగించి వెళ్లిపోతే ఏమవుతుంది అని చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్నలకు జవాబుగా ఈ వ్యాసం రాస్తున్నాం. ఇది చదివాక మీలో ఇద్దరు ముగ్గురైనా "ఈ పని మేమూ చేయగలం" అనుకుంటే మా శ్రమ ఫలించినట్లే.

సొంత సర్వర్ ఎందుకు?

లువాంటి దిమ్మెలతో కట్టుకునే ఆట. మట్టి, రాయి, కలప తవ్వి తెచ్చుకుని ఇళ్లు, బావులు, బాటలు, ఏది కావాలంటే అది కట్టుకోవచ్చు. ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు అహోలా 2010లో దీన్ని మైన్‌టెస్ట్ అనే పేరుతో మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో పేరు లువాంటిగా మారింది. ఫిన్లాండ్ భాషలో సృష్టి అనే అర్థం ఉన్న ఒక మాటను, ఈ ఆటకు ప్రోగ్రాములు రాసే లువా అనే భాష పేరును కలిపి ఈ పేరు పెట్టారు. ఇది పూర్తిగా ఉచితం. దీని సోర్స్ కోడ్ ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. మన కంప్యూటర్ గదిలోని పాత డబ్బాల మీద నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడుస్తుంది.

ఇలాంటిదే మైన్‌క్రాఫ్ట్ అని ఇంకో ప్రసిద్ధమైన ఆట ఉంది. దాని జావా ఎడిషన్‌కు సర్వర్ ప్రోగ్రామ్ ఉచితంగానే దొరుకుతుంది గానీ, ఆడే ప్రతి ఒక్కరూ ఆటను కొనుక్కోవాలి. నలభై మందికి కొనడం మన వల్ల అయ్యే పని కాదు. దొంగ కాపీతో ఆడడం మాకు ఇష్టం లేదు. అందుకే లువాంటి ఎంచుకున్నాం.

మొదట్లో మేమూ అందరిలాగే బయటివాళ్లు నడిపే పబ్లిక్ సర్వర్లలో ఆడేవాళ్లం. ఒక రోజు ఇంటర్ చదివే మా తమ్ముడొకడిని చాట్‌లో ఎవరో తెలుగులో పలకరించారు. మనవాడే దొరికాడని వీడికి సంతోషం. అతను ఊరు అడిగాడు, చెప్పాడు. ఇంటిపేరు అడిగాడు, చెప్పాడు. ఊళ్లో ఏ వైపు మీ ఇల్లు అని అడిగాడు, అదీ చెప్పాడు. ఆ తరువాత అతను రాసిన మాటలు ఈ సంచికలో అచ్చు వేయలేం. అతను, అతని స్నేహితులు కలిసి వీడు పదిహేను రోజులు కట్టుకున్న ఇంటిని కూలగొట్టారు. ఆ సర్వర్ నడిపే ఆయన ఏ దేశంలో ఉంటాడో తెలియదు. తెలుగులో తిట్టిన తిట్టు ఆయనకు అర్థం కాదు. ఫిర్యాదు ఎవరికి చేయాలి? మావాడు ఆ రాత్రి భోజనానికి రాలేదు.

అప్పుడు మాకు కలిగిన ఆలోచనే మన ఆటకు మన సర్వర్.

అసలు సర్వర్ అంటే ఏమిటి?

కబడ్డీ ఆడుతున్నాం అనుకోండి. కూతకు వెళ్లినవాడు "నేను ముట్టుకున్నాను" అంటాడు. అవతలివాడు "ముట్టుకోలేదు" అంటాడు. ఎవరి మాట నిజం? అంపైర్ మాటే నిజం. పాయింట్లు రాసుకునేది కూడా ఆయన బల్ల మీదే. నలుగురు కలిసి ఆడే కంప్యూటర్ ఆటలో సర్వర్ చేసే పని సరిగ్గా ఇదే.

మీ ఫోన్‌లో ఉన్న లువాంటి యాప్ క్లయింట్. మీరు ఒక దిమ్మెను తవ్వితే మీ ఫోన్ ఆ సంగతి సర్వర్‌కు చెబుతుంది. తవ్వే హక్కు మీకు ఉందా, మీరు దానికి దగ్గరలోనే ఉన్నారా అని సర్వర్ చూసి, సరేనంటే తన పుస్తకంలో రాసుకుని మిగతా అందరి ఫోన్లకూ చెబుతుంది. లువాంటి సర్వర్ మామూలుగా 0.09 సెకనుకు ఒకసారి, అంటే సెకనుకు సుమారు 11 సార్లు ఈ లెక్క చూస్తుంది. ఆట ప్రపంచం మొత్తం సర్వర్‌లోనే ఉంటుంది. మీ ఫోన్ పగిలిపోయినా మీ ఇల్లు ఎక్కడికీ పోదు. సర్వర్ పోతే మాత్రం అందరి ఇళ్లూ పోతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మన గదిలోనే ఎందుకు పెట్టలేదు?

మొదట అక్కడే పెట్టాం. కంప్యూటర్ గదిలోని ఒక కంప్యూటర్‌లో ఆట తెరిచి, "హోస్ట్ సర్వర్" అనే గడిని టిక్ చేసి, ఒకే వైఫైకి అందరి ఫోన్లు కలిపితే చాలు. ఇంటర్నెట్ లేకపోయినా ఆట నడుస్తుంది. తమ్ముళ్లూ, మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. పైసా ఖర్చు లేదు.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నలు, గల్ఫ్‌లో ఉన్న ఒక అన్న మాతో కలిసి ఆడతామన్నారు. బయటి నుంచి వాళ్లు ఎంత ప్రయత్నించినా మా కంప్యూటర్‌ను చేరలేకపోయారు. కారణం ఇది. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా కావాలి. దీన్నే ఐపీ అడ్రస్ అంటారు. పాత పద్ధతిలో, అంటే ఐపీ నాలుగో వెర్షన్‌లో, మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. ప్రపంచమంతటికీ అవి చాలలేదు. వాటిని ప్రాంతాలవారీగా పంచే కేంద్ర సంస్థ దగ్గర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకే మొబైల్ కంపెనీలు ఒక్క చిరునామాను ఎంతోమందికి ఉమ్మడిగా ఇస్తుంటాయి.

మన హాస్టల్ చిరునామా సంగతే చూడండి. మనం ఇంటికి ఉత్తరం రాస్తే జవాబు మన పేరు మీద వస్తుంది. కానీ ఎవరో కొత్తవాళ్లు పేరు రాయకుండా కేవలం హాస్టల్ చిరునామా రాసి కవరు వేస్తే అది ఎవరికి ఇవ్వాలి? ఆఫీసు గదిలో పడి ఉంటుంది. ఉమ్మడి ఐపీ అడ్రస్‌లో బయటి నుంచి వచ్చే పిలుపు గతి కూడా అంతే. లోపలి నుంచి మనం బయటికి వెళ్లగలం గానీ, బయటివాళ్లు నేరుగా మన దగ్గరకు రాలేరు. దీనికి తోడు కరెంటు కోతలు, సెలవుల్లో గదికి తాళం. కాబట్టి ఎప్పుడూ ఆగకుండా నడిచే, సొంత చిరునామా ఉన్న కంప్యూటర్ కావాలి. కొనలేం కనుక అద్దెకు తీసుకోవాలి.

అద్దె కంప్యూటర్ ఎలా ఉంటుంది?

దీన్ని వీపీఎస్ అంటారు. అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్. డేటా సెంటర్ అనే చల్లటి భవనంలో పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటాయి. ఒక్కో పెద్ద కంప్యూటర్‌ను ప్రోగ్రామ్ సాయంతో చాలా చిన్న కంప్యూటర్లుగా విభజించి అద్దెకిస్తారు. మన డార్మిటరీనే ఊహించుకోండి. హాలు ఒక్కటే, పైకప్పు ఒక్కటే, కరెంటు ఒక్కటే. కానీ ఎవరి ట్రంకు పెట్టె వారిది, ఎవరి తాళం వారిది. పక్కవాడి పెట్టెలో ఏముందో మనకు తెలియదు, మన పెట్టె వాడు తెరవలేడు. పెద్ద కంప్యూటర్‌ను ఇలా పంచే ప్రోగ్రామ్‌ను హైపర్‌వైజర్ అంటారు. లైనక్స్‌లో ఉండే కేవీఎం ఇలాంటిదే. పక్కవాడు రాత్రంతా లైటు వేసుకుని చదివితే మనకు నిద్ర పట్టనట్లు, అదే యంత్రంలో ఇంకొకరు ఎక్కువ పని చేయిస్తే మన సర్వర్ కాస్త మందగించవచ్చు. చవక అద్దెల్లో ఈ ఇబ్బంది ఉంటుంది.

ఊళ్లో గది అద్దెకు అడగడానికి వెళ్తే ఎదురయ్యే ప్రశ్నలు మనలో చాలామందికి తెలుసు. "ఎవరి తాలూకు?" అని మొదలై, చివరకు "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం" దగ్గర ఆగుతుంది. ఇక్కడ ఆ ప్రశ్న రాలేదు. పేరు, ఈమెయిల్, డబ్బు కట్టే విధానం అడిగారు, ఐదు నిమిషాల్లో తాళం ఇచ్చారు. ఆ రోజు మేము నవ్వుకున్నాం గానీ, ఆ నవ్వు ఎందుకో మాకు తెలుసు.

అద్దెకు తీసుకునే ముందు చూడవలసినవి నాలుగు.

మొదటిది ఊరు. సర్వర్ ఎంత దూరంలో ఉంటే ఆట అంత ఆలస్యంగా స్పందిస్తుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబయి సుమారు 620 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 6 మిల్లీసెకన్లు చాలు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 7,000 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి తక్కువలో తక్కువ 70 మిల్లీసెకన్లు. తీగలు సూటిగా పోవు, మధ్యలో ఎన్నో మజిలీలు ఉంటాయి కాబట్టి నిజంగా పట్టే సమయం ఇంకా ఎక్కువ. మన దేశంలో ముంబయి, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో పెద్ద డేటా సెంటర్లు ఉన్నాయి. అమెజాన్ సంస్థ తన క్లౌడ్ కేంద్రాన్ని ముంబయిలో 2016లో, హైదరాబాద్‌లో 2022లో ప్రారంభించింది. మేము ముంబయిలో తీసుకున్నాం.

రెండవది మెమరీ. మేము 1 జీబీ ర్యామ్, ఒక ప్రాసెసర్ కోర్ ఉన్నది తీసుకున్నాం. పన్నెండు మంది ఒకేసారి ఆడినప్పుడు చూస్తే ఆట అందులో సగం కూడా వాడలేదు. అదే మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ అయితే ఇంతకంటే ఎక్కువ మెమరీ అడుగుతుంది.

మూడవది చిరునామా. మనకంటూ ప్రత్యేకమైన, నాలుగో వెర్షన్ ఐపీ అడ్రస్ ఇస్తున్నారా అని అడగండి. అది లేకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగవది డబ్బు కట్టే పద్ధతి. కొందరు క్రెడిట్ కార్డు మాత్రమే తీసుకుంటారు. యూపీఐ ద్వారా ముందుగానే డబ్బు వేసుకునే వీలున్నది మనకు మంచిది. ఎందుకో తరువాత చెబుతాం.

మొదటి రోజు చేయవలసిన పనులు

సర్వర్ చేతికి వచ్చింది. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. మన కంప్యూటర్ నుంచే ఎస్ఎస్‌హెచ్ అనే రక్షిత మార్గంలో లోపలికి వెళ్లి ఆజ్ఞలు టైపు చేయాలి. అందులో మేము డెబియన్ లైనక్స్ పెట్టించుకున్నాం. ఉచితం, తక్కువ మెమరీతో సరిపెట్టుకుంటుంది.

ఆట పెట్టాలనే తొందర ఎంత ఉన్నా, ముందు తలుపులు వేయాలి. కొత్త సర్వర్ ఇంటర్నెట్‌లోకి వచ్చిన కాసేపటికే ఊరూ పేరూ లేని యంత్రాలు వచ్చి తలుపు తట్టి, పాస్‌వర్డులు ఊహిస్తూ ఉంటాయి. మేము మొదటి రోజు సాయంత్రం లాగ్ తెరిచి చూస్తే అలాంటి ప్రయత్నాలు వందల్లో ఉన్నాయి. మా మీద పగబట్టి ఎవరూ రాలేదు, అవి అందరి తలుపులూ తడతాయి.

కాబట్టి మొదట సిస్టమ్‌ను అప్‌డేట్ చేయాలి. రూట్ అనే సర్వాధికారి పేరుతో రోజూ పని చేయకుండా, మామూలు యూజర్‌ను తయారు చేసుకోవాలి. తరువాత పాస్‌వర్డ్‌కు బదులు కీ పద్ధతి పెట్టుకోవాలి. ఇందులో రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకటి తాళం కప్ప, దాన్ని సర్వర్‌కు వేస్తాం. రెండవది తాళం చెవి, అది మన దగ్గరే ఉండాలి. దాన్ని అందరూ వాడే కంప్యూటర్‌లో ఎప్పుడూ వదలకండి. కీతో లోపలికి వెళ్లగలుగుతున్నామని రూఢి చేసుకున్నాకే పాస్‌వర్డ్ దారి మూసేయాలి.

ఆ తరువాత ఫైర్‌వాల్. సర్వర్‌కు 65 వేలకు పైగా పోర్టులు, అంటే కిటికీలు ఉంటాయి. మనకు కావలసినవి రెండే. ఎస్ఎస్‌హెచ్ కోసం టీసీపీ 22, లువాంటి కోసం యూడీపీ 30000. మిగతావన్నీ మూయాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. మేము 22 తెరవకుండానే ఫైర్‌వాల్ వేసి, మా ఇంటికి మేమే బయటి నుంచి తాళం వేసుకున్నాం. అద్దెకిచ్చినవారి వెబ్‌సైట్‌లో ఉండే అత్యవసర కన్సోల్ ద్వారా లోపలికి వెళ్లి సరిచేసుకునేసరికి రాత్రి పదకొండయింది.

ఇక ఆట పెట్టడం

లువాంటి సర్వర్ ప్యాకేజీ డెబియన్‌లోనే దొరుకుతుంది. ఒక్క ఆజ్ఞతో దిగుతుంది. అయితే లువాంటి అనేది ఇంజన్ మాత్రమే. దాని మీద నడిచే ఆటను విడిగా తెచ్చుకోవాలి. మేము తేలికగా నడిచే మైన్‌టెస్ట్ గేమ్ తీసుకున్నాం. సర్వర్‌లో మనం చేర్చే కొత్త బొమ్మలు, శబ్దాలు ఆడేవాళ్ల ఫోన్లకు సర్వరే పంపుతుంది. అందుకే మొదటిసారి చేరినప్పుడు కొంత డేటా ఖర్చవుతుంది, తరువాత అంత కాదు. ఫోన్‌లోని వెర్షన్, సర్వర్ వెర్షన్ మరీ దూరంగా లేకుండా చూసుకోండి.

సెట్టింగులన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. అందులో మేము మార్చినవి ఇవి. ఎంతమంది ఆడవచ్చు అన్నచోట మామూలుగా 15 ఉంటుంది, దాన్ని 20 చేశాం. ఖాళీ పాస్‌వర్డ్‌తో చేరడాన్ని నిషేధించాం. పబ్లిక్ సర్వర్ల జాబితాలో మన పేరు కనపడకుండా చూశాం. అన్నిటికంటే ముఖ్యమైనది కొత్తవాళ్ల హక్కులు. లువాంటిలో ఒక్కో పనికీ ఒక్కో హక్కు ఉంటుంది. తవ్వడానికి, కట్టడానికి ఇంటరాక్ట్ అనే హక్కు, చాట్‌లో మాట్లాడడానికి షౌట్ అనే హక్కు. మామూలుగా కొత్తవాళ్లకు రెండూ వస్తాయి. మేము షౌట్ మాత్రమే ఉంచాం. కొత్తవాడు వచ్చి ఊరంతా తిరిగి చూడవచ్చు, పలకరించవచ్చు. ఎవరో తెలిశాక మేము తవ్వే హక్కు ఇస్తాం.

సర్వర్ తనంతట తాను మొదలయ్యేలా, మధ్యలో ఆగిపోతే మళ్లీ లేచేలా సిస్టమ్‌డీకి అప్పగించాం. స్టడీ అవర్‌లో ఆట నడవకూడదని వార్డెన్ సార్ పెట్టిన షరతును కూడా సర్వర్‌కే అప్పగించాం. శనివారం, ఆదివారం నిర్ణయించిన వేళల్లో లేస్తుంది, వేళ కాగానే పడుకుంటుంది. పరీక్షల నెలలో అసలు లేవదు. "ఇంకో పది నిమిషాలు అన్నా" అని బతిమాలినా వినదు కనుక మాకూ తగాదా లేదు.

సర్వర్ అంటే మెస్ కమిటీ లాంటిది

ఇక్కడివరకు చెప్పినదంతా రెండు రోజుల పని. అసలు పని ఆ తరువాతే ఉంది. మెస్ కమిటీలో ఉన్నవాళ్లకు తెలుసు, వంట ఒక ఎత్తు, వడ్డన ఒక ఎత్తు. ఎవరికి తక్కువైంది, ఎవరు రెండుసార్లు వేయించుకున్నారు అన్నది రోజూ తేల్చాలి.

మా సర్వర్‌లో నియమాలు నాలుగే. ఒకటి, ఇంటిపేరు రాయకూడదు, అడగకూడదు. రెండు, కులం పేరుతో, తల్లిదండ్రుల పేరుతో ఎవరినీ తిట్టకూడదు. తిడితే ఆ రోజే బయటికి. మూడు, ఒకరు కట్టినదాన్ని ఇంకొకరు కూల్చకూడదు. నాలుగు, చాట్‌లో ఫోన్ నంబర్లు, ఓటీపీలు, ఇంకోచోట వాడే పాస్‌వర్డులు రాయకూడదు. లువాంటి మాటలను రహస్య లిపిలో పంపదు కాబట్టి ఈ నియమం తప్పనిసరి.

మూడవ నియమానికి యంత్రం సాయం కూడా తీసుకున్నాం. ఏరియాస్ అనే మాడ్ ద్వారా ఎవరి స్థలం చుట్టూ వారు హద్దు గీసుకోవచ్చు. ఆ హద్దులో ఇతరులు తవ్వలేరు. ఎవరు ఏ దిమ్మె తీశారు, ఎక్కడ పెట్టారు అని రాసిపెట్టే రోల్‌బ్యాక్ సదుపాయం కూడా ఉంది. దాన్ని ముందే ఆన్ చేసి ఉంచాలి. గొడవ జరిగాక ఆన్ చేస్తే పాత సంగతులు అందులో ఉండవు.

ఒకసారి మా బ్యాచ్‌వాడే కోపంలో ఇంకొకడి గోడ పడగొట్టాడు. అడ్మిన్ కాబట్టి హద్దులు అతన్ని ఆపలేదు. రికార్డు తీసి చూస్తే పేరు బయటపడింది. రెండు వారాలు అతని అడ్మిన్ హక్కులు తీసేశాం. గోడ తిరిగి కట్టించాం. మనవాడని వదిలేసి ఉంటే తమ్ముళ్లు మా నియమాలను నమ్మేవాళ్లు కాదు.

మేము చేసిన పెద్ద తప్పు

ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. కానీ మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

మొదటి ఏడాది సర్వర్ మా సీనియర్ అన్న పేరు మీద, ఆయన కార్డు మీద ఉండేది. ఆయనకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు. కార్డు గడువు ముగిసింది. అద్దె కట్టలేదని వచ్చిన హెచ్చరికలన్నీ ఆయన వాడడం మానేసిన పాత ఈమెయిల్‌కు వెళ్లాయి. ఒక శనివారం సాయంత్రం ఆట తెరిస్తే సర్వర్ నుంచి జవాబు లేదు. విచారిస్తే, గడువు దాటినందున సర్వర్‌ను తొలగించామన్నారు. వారి షరతుల్లో ఆ సంగతి ముందే రాసి ఉంది, మేము చదవలేదు. అదే ఖాతాలో దాచిన స్నాప్‌షాట్లు కూడా దానితోపాటే పోయాయి.

ఆ ప్రపంచంలో మేము మన హాస్టల్ కట్టాం. రెండు వరుసల డార్మిటరీలు, నీళ్ల ట్యాంకు, వంటగది వెనుక వేపచెట్టు, గేటు పక్కన అంబేద్కర్ విగ్రహం. అన్నలు వచ్చి తాము పడుకున్న మంచం ఏ కిటికీ పక్కన ఉండేదో చూపించి, అక్కడ తమ పేరు రాసిన పలక పెట్టేవాళ్లు. గల్ఫ్‌లో ఉన్న అన్న డ్యూటీ అయ్యాక వచ్చి ఊరికే ఆ వేపచెట్టు కింద నిలబడేవారు. అదంతా ఎవరో కట్టని ఒక నెల అద్దెతో పోయింది.

అదృష్టం కొద్దీ 26 రోజుల కిందట మాలో ఒకడు కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ట్రంకు పెట్టెలో పడేశాడు. దాని సాయంతో కొత్త సర్వర్‌లో ప్రపంచాన్ని నిలబెట్టాం. ఆ 26 రోజుల్లో కట్టినది మాత్రం తిరిగి రాలేదు. అందులో ఒక గ్రంథాలయం ఉంది. దాన్ని కట్టినది పబ్లిక్ సర్వర్‌లో ఇల్లు పోగొట్టుకున్న ఆ తమ్ముడే. అతను ఈసారి భోజనం మానలేదు. "నక్షా నోట్‌బుక్‌లో ఉందిలే అన్నా" అని మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడున్నది రెండోసారి కట్టిన గ్రంథాలయం.

బ్యాకప్ విషయంలో మేము నేర్చుకున్నది ఇది. ప్రపంచమంతా ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. మన పద్ధతిలో దాని పటం ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలులో ఉంటుంది. సర్వర్ రాస్తూ ఉండగా ఆ ఫైలును ఊరికే కాపీ చేస్తే సగం రాసిన పేజీ చేతికి రావచ్చు. అందుకే సర్వర్ పడుకున్న వేళలోనే కాపీ తీయాలి. మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల చోట్ల ఉండాలి, కనీసం ఒకటి పూర్తిగా వేరే చోట ఉండాలి. ఇప్పుడు మనకు ఒకటి సర్వర్‌లో, ఒకటి కంప్యూటర్ గదిలో, ఒకటి హైదరాబాద్‌లో ఒక అన్న ఇంట్లో ఉన్నాయి. నెలకు ఒకసారి కాపీని గదిలోని కంప్యూటర్‌లో తెరిచి, ఆట నడుస్తోందా లేదా అని చూస్తున్నాం. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకుంటే మూత తీయని మజ్జిగ కుండను నమ్ముకున్నట్లే.

జమా ఖర్చులు

సర్వర్ అద్దె నెలకు 450 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 81 రూపాయలు, మొత్తం 531 రూపాయలు. ఏడాదికి 6,372 రూపాయలు. ఇది మేము కడుతున్న అద్దె. మీరు తీసుకునే చోటును బట్టి మారుతుంది. అన్నల వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండుసార్లు చందా వేస్తున్నారు. హాస్టల్‌లో ఉన్నవాళ్ల దగ్గర ఏమీ తీసుకోవడం లేదు. కార్డు మీద ఆధారపడకుండా ఆరు నెలల మొత్తం, అంటే 3,186 రూపాయలు, యూపీఐ ద్వారా ముందే వేసి ఉంచుతున్నాం. ఖాతా ఒక వ్యక్తి ఈమెయిల్ మీద కాకుండా, ముగ్గురు చూసే ఉమ్మడి ఈమెయిల్ మీద ఉంది.

ప్రతి రూపాయి సర్వర్ రిజిస్టర్‌లో రాసి ఉంది. అది కంప్యూటర్ గది బీరువాలో ఉంటుంది, ఎవరైనా చూడవచ్చు. అదే రిజిస్టర్‌లో సర్వర్‌లో మేము చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా తెలుగులో రాసి ఉంది. పాస్‌వర్డులు మాత్రం అందులో లేవు.

చివరగా ఒక మాట

ఆటలతో సమయం వృథా అని పెద్దలు అనడంలో తప్పు లేదు. మేమూ కొంత వృథా చేశాం. అయితే తలుపులకు తాళం వేయడం, లాగ్ చదవడం, బ్యాకప్ తీయడం, పడిపోయినదాన్ని నిలబెట్టడం అనే పనులనే బయట కంపెనీల్లో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు జీతం తీసుకుని చేస్తారు. వాళ్లు వాడేదీ ఈ లైనక్సే, ఈ ఎస్ఎస్‌హెచ్చే. కోచింగ్‌కు డబ్బు కట్టలేని మనకు నెలకు 531 రూపాయల్లో అదంతా చేతికి అందింది. తప్పు చేస్తే సర్టిఫికెట్ పోదు, మహా అయితే ఒక గోడ పోతుంది, మళ్లీ కట్టుకోవచ్చు.

మాలో ముగ్గురం ఈ ఏడాదితో వెళ్లిపోతున్నాం. మా సీనియర్ అన్న వెళ్లినప్పుడు జరిగినది మళ్లీ జరగకూడదు. అందుకని వార్షికోత్సవం రోజు సాయంత్రం, సభ ముగిశాక, కంప్యూటర్ గదిలో సర్వర్‌ను కొత్తవాళ్లకు అప్పగిస్తాం. ముగ్గురు కావాలి. కంప్యూటర్ గ్రూపువాళ్లే కానక్కరలేదు. ఆర్ట్స్ చదివే తమ్ముళ్లు కూడా రావచ్చు. ఇంగ్లీషు రాదని వెనకాడకండి, రిజిస్టర్ అంతా తెలుగులోనే ఉంది. ఓపిక, లెక్క రాసే అలవాటు, తనవాడి తప్పును కూడా తప్పు అనగల ధైర్యం ఉంటే చాలు. కొత్తవాళ్ల తాళం చెవులు చేర్చి, అవి పని చేస్తున్నాయని చూశాక మా తాళం చెవులు తీసేస్తాం. ఆ తరువాత మేమూ మీ దగ్గరకు అన్నలుగానే వస్తాం. లోపలికి వచ్చాక తవ్వే హక్కు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం!

అన్నలకు ఒక విన్నపం. మీ మంచం ఏ కిటికీ పక్కన ఉండేదో ఇంకా చెప్పనివాళ్లు చాలామంది ఉన్నారు. వచ్చి పలక పెట్టి వెళ్లండి. వేపచెట్టు అక్కడే ఉంది.

ఇట్లు,
కంప్యూటర్ గది మిత్రబృందం